రోజుల లెక్కన బసకు ఇచ్చే ఇంటికి లీజు ఒప్పందం రాసుకున్న నా అనుభవం

నా మొదటి ఒప్పందంలో ఉప అద్దె (అద్దెకు తీసుకున్న ఇంటిని మరొకరికి అద్దెకు ఇవ్వడం) గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "అద్దెదారు తన అవసరాన్ని బట్టి ఇంటిని ఇతరులకు అద్దెకు ఇచ్చుకొనవచ్చును." ఆ వాక్యాన్ని నమ్ముకునే నేను ఆ ఫ్లాటుకు పరుపులు, తెరలు, వంటసామాను కొన్నాను, ఇళ్లను ప్రయాణికులకు బసకు ఇప్పించే వెబ్‌సైటైన ఎయిర్‌బీఎన్‌బీలో వివరాలు పెట్టాను, రెండు రాత్రులకూ మూడు రాత్రులకూ వచ్చేవారికి బస ఇవ్వడం మొదలుపెట్టాను. నాలుగో నెలలో యజమాని గారు ఫోన్ చేసి, "ఇతరులకు ఇచ్చుకోండి అన్నాను గాని, వారానికి ముగ్గురు కొత్తవాళ్లు పెట్టెలు లాక్కుంటూ లిఫ్టు ఎక్కడానికి నేను ఒప్పుకోలేదండీ" అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. "ఇతరులు" అన్న మాట విన్నప్పుడు ఆయన మనసులో మెదిలింది ఏడాదో రెండేళ్లో కుదురుగా ఉండే మరో కుటుంబం. నా మనసులో ఉన్నది రోజుకొకరుగా వచ్చిపోయే ప్రయాణికులు. ఇద్దరం ఒకే వాక్యం కింద, పూర్తి సమ్మతితో, రెండు వేర్వేరు విషయాలకు సంతకాలు చేశాము.

ఇరుగుపొరుగు అప్పటికే అపార్టుమెంటు సంఘంలో ఫిర్యాదు పెట్టి ఉన్నారు కాబట్టి వాదించి ప్రయోజనం లేకపోయింది. ఆ వారంలో పదకొండు బుకింగులు రద్దు చేశాను. వాటిలో ఒకటి, తండ్రికి శస్త్రచికిత్స చేయించడానికి వస్తున్న ఒక కూతురిది. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గరని ఆవిడ ఏరికోరి ఆ ఫ్లాటును పది రాత్రులకు తీసుకున్నారు. వేరే చోటు వెతికి పెట్టాను గాని, విషయం చెప్పిన తర్వాత ఫోనులో ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. పోయిన డబ్బు కన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒప్పందం మీద సంతకం చేసేది ఇద్దరే అయినా, ఆ కాగితం మీద ఆధారపడి ప్రయాణం పెట్టుకునే మూడో మనిషి ఒకరు ఉంటారని, రాసేటప్పుడు ఆ మనిషిని కూడా ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయాలని అప్పుడు తెలిసింది.

రెండో ఇల్లు దొరికే నాటికి దాదాపు ఏడాది గడిచింది. ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలి సొంత ఇల్లు అది. రెండు పడకగదులు, హాలు, వెనుక చిన్న పెరడు. ఈసారి నేను మాట కుదిరిన రోజునే అడ్వాన్సు చేతిలో పెట్టలేదు. ముందు ఒక లాయరు గారి దగ్గరకు వెళ్లి, పాత ఒప్పందం ఆయన ముందు ఉంచాను. ఆయన అది చదివి నన్ను అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది: "మీ దగ్గర రెండు రాత్రులు ఉండి వెళ్లే మనిషి చట్టం దృష్టిలో ఎవరు?" అతిథి అన్నాను. "అది మీరు పెట్టుకున్న పేరు. న్యాయస్థానం పేరు చూడదు, మీరు ఆ మనిషికి ఏం ఇచ్చారో చూస్తుంది" అన్నారు.

అద్దెకూ లైసెన్సుకూ ఉన్న తేడాను ఆయన చాలా ఓపికగా వివరించారు. ఆస్తి మీద హక్కు ఏర్పడి, ఇతరులెవరూ లోపలికి రాకుండా ఆపగలిగేంత పూర్తి స్వాధీనం ఇస్తే అది అద్దె. హక్కు ఏదీ కలగకుండా, ఉండి వెళ్లడానికి అనుమతి మాత్రమే ఇస్తే అది లైసెన్సు. భారత సుప్రీంకోర్టులో 1959లో తీర్పు వచ్చిన ఒక హోటల్ కేసును ఆయన ఉదాహరణగా చెప్పారు. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్‌లో కొన్ని గదులను క్షౌరశాల నడుపుకోవడానికి ఇస్తూ రాసుకున్న పత్రానికి లైసెన్సు అనే పేరు పెట్టారు. జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం పత్రం పేరును కాక దాని సారాన్ని చూడాలని, సారంలో అది అద్దేనని తేల్చారు. మన తెలుగు న్యాయమూర్తి రాసిన ఆ పరీక్షలు నా చిన్న ఇంటి కాగితానికి ఇంత దగ్గరగా వస్తాయని నేను అనుకోలేదు.

ఇంకా దగ్గరగా వచ్చిన కేసు 2016 నాటిది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇద్దరు అద్దెదారులు యజమాని అనుమతి లేకుండా తమ ఫ్లాటు మొత్తాన్ని ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా ప్రయాణికులకు ఇచ్చారు. కింది ట్రిబ్యునల్ అది లైసెన్సు మాత్రమే కాబట్టి ఉప అద్దె నిషేధం వర్తించదన్నది. విక్టోరియా రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తిప్పివేసి, ఇల్లంతా పూర్తి స్వాధీనంతో ఇచ్చారు కనుక బస కొద్ది రోజులదే అయినా అది అద్దెనే అవుతుందని, అనుమతి లేకుండా ఉప అద్దెకు ఇచ్చినట్టేనని చెప్పింది. అదే సంవత్సరం ఇంగ్లండులో అప్పీళ్లు వినే అప్పర్ ట్రిబ్యునల్ మరో కోణం చూపింది. దీర్ఘకాల లీజులో ఉన్న ఒక ఫ్లాటును "సొంత నివాసంగా మాత్రమే" వాడాలన్న షరతు ఉండగా, కొద్ది రాత్రుల కోసం వచ్చిపోయేవారికి ఇవ్వడం ఆ షరతును మీరడమేనని తీర్పు చెప్పింది. ఈ రెండూ చదివిన తర్వాత నా పాత ఒప్పందం తీసి చూస్తే, రెండో పేజీలో "నివాస నిమిత్తం మాత్రమే" అన్న ముక్క కనిపించింది. నాలుగో పేజీలో ఇచ్చిన అనుమతిని రెండో పేజీ అప్పుడే తీసేసుకుంది. దొరికిన నమూనాను అలాగే నింపేసేవారికి ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది; కొత్త షరతు చేరుస్తారు గాని, దానికి అడ్డుపడే పాత షరతును తీసివేయరు.

అందుకని అనుమతి షరతును మేము పూర్తిగా కొత్తగా రాసుకున్నాము. మూడు చిత్తుప్రతుల తర్వాత అది ఇలా నిలబడింది: "సదరు ఇంటిని, ఒక్కొక్క బస 28 రాత్రులకు మించకుండా, ఏకకాలమున ఆరుగురికి మించని అతిథులకు, బస నిమిత్తం మాత్రమే, ప్రతిఫలం స్వీకరించి ఇచ్చుటకు యజమాని ఇందుమూలముగా అద్దెదారునకు అనుమతి ఇచ్చుచున్నారు. ఒక్కొక్క అతిథి విషయమున విడిగా అనుమతి కోరనవసరం లేదు." ఆ చివరి వాక్యం లేకపోతే మొత్తం షరతు పనికిరాదు. చాలా నమూనాలలో "యజమాని ముందస్తు లిఖితపూర్వక అనుమతితో" అని ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి బుక్ చేసుకుని పదకొండింటికి తలుపు దగ్గర నిలబడే మనిషి కోసం ఎవరు ఎవరిని లిఖితపూర్వకంగా అడుగుతారు? 28 రాత్రుల పరిమితి మాత్రం యజమానురాలి రక్షణ కోసం లాయరు గారు పెట్టించినది. నెలల తరబడి ఉండిపోయిన మనిషికి చాలా చోట్ల అద్దెదారుల రక్షణ చట్టాలు వర్తించే అవకాశం ఉంటుంది, అప్పుడు ఖాళీ చేయించడం నా చేతిలోనూ ఉండదు, ఆవిడ చేతిలోనూ ఉండదు.

చిత్తుప్రతిని తీసుకుని యజమానురాలి ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడ దానిని పెన్సిలు పట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టుగా పంక్తి పంక్తీ బయటికి చదివారు. "అతిథి" అన్న మాట దగ్గర ఆగి దాని చుట్టూ సున్నా చుట్టి, "ఆరుగురంటే చంటిపిల్లలు లెక్కలోకి వస్తారా బాబూ? పుట్టినరోజని చెప్పి సాయంత్రం ఇరవైమంది వచ్చి, కేకు కోసుకుని, రాత్రి పదింటికి వెళ్లిపోతే వాళ్లు అతిథులా, కారా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. లాయరు గారికీ అది తోచలేదు. నా మొదటి ఇంట్లో పొరుగువారు ఫిర్యాదు చేసిన రెండు రాత్రులూ సరిగ్గా అలాంటివే, బస చేసింది నలుగురే, వచ్చిపోయింది పాతికమంది. మర్నాడు ఒప్పందం మొదట్లో నిర్వచనాల భాగం ఒకటి చేర్చాము. రెండేళ్లు నిండినవారు అతిథుల లెక్కలోకి వస్తారని, రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవారు సందర్శకులని, అతిథులూ సందర్శకులూ కలిపి ఏ సమయంలోనూ ఎనిమిది మందికి మించరాదని రాశాము. ఆ పెన్సిలు సున్నా ఉన్న కాగితం నా దగ్గర ఇంకా భద్రంగా ఉంది.

యజమాని ఒప్పుకున్నంత మాత్రాన పని అయిపోదు, ఎందుకంటే యజమాని తన చేతిలో లేనిదాన్ని మనకు ఇవ్వలేరు. ఇల్లు తాకట్టులో ఉంటే రుణం ఇచ్చిన బ్యాంకు షరతులు, అపార్టుమెంటు అయితే సంఘం నిబంధనలు, ఊరి పాలక సంస్థ నియమాలు, ఇవన్నీ ఆవిడ అనుమతికి పైన కూర్చుని ఉంటాయి. ఈ నియమాలు చోటును బట్టి ఎంతగా మారతాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లండనులో ప్రత్యేక ప్రణాళికా అనుమతి లేకుండా ఇల్లంతా ఇలా ఇవ్వగలిగేది ఏడాదికి 90 రాత్రులే. జపానులో 2018లో అమలులోకి వచ్చిన చట్టం కింద ఏడాదికి 180 రోజులు. న్యూయార్కులో 2023 సెప్టెంబరు నుంచి, ఇలా బస ఇచ్చేవారు నగరం దగ్గర నమోదు చేయించుకోవాలన్న నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు. 30 రోజులకు తక్కువ బస అయితే ఇంటివారు కూడా అక్కడే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. బార్సిలోనా నగరం 2028 నవంబరు తర్వాత పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు కొనసాగించబోమని 2024లో ప్రకటించింది. అంటే ఈరోజు సక్రమంగా ఉన్న వ్యాపారం ఒప్పందం మధ్యలోనే నిషిద్ధం కావచ్చు, అప్పుడు మూడేళ్ల లీజు మెడకు చుట్టుకుంటుంది. ఆ భయంతోనే రెండు షరతులు అడిగి రాయించుకున్నాను. సంతకం చేసిన 60 రోజులలోపు అవసరమైన అనుమతులు రాకపోతే ఒప్పందం దానంతట అదే రద్దయి అడ్వాన్సు పూర్తిగా తిరిగి రావాలి. తర్వాత ఎప్పుడైనా చట్టం మారి ఇలాంటి బస నిషేధమైతే, లాకిన్ వ్యవధితో (ఒప్పందాన్ని మధ్యలో వదులుకోకూడని కాలంతో) సంబంధం లేకుండా 30 రోజుల నోటీసుతో నేను తప్పుకోవచ్చు. తన పేరున బ్యాంకు రుణం లేదని ఆవిడ రాసి ఇచ్చారు, ఆ కాగితాన్ని ఒప్పందానికి జతచేశాము.

బీమా విషయంలో కూడా ఒక మాట. ఇంటి బీమా పాలసీలు చాలా వరకు ఇంట్లో వ్యాపారం నడిస్తే నష్టం కట్టి ఇవ్వవు. ఎయిర్‌బీఎన్‌బీ ఇచ్చే నష్ట రక్షణ బీమా పాలసీ కాదని ఆ సంస్థే తన నిబంధనలలో చెబుతుంది. కనుక తగిన పాలసీ నేను తీసుకుని, అందులో యజమానురాలి పేరు కూడా చేర్పించాలని, ప్రీమియం నాదేనని రాసుకున్నాము.

అద్దె ఎంత అన్నది త్వరగానే తేలింది. ఆదాయంలో వాటా పద్ధతి మొదట ఆవిడకు నచ్చింది గాని, వాటా దేనిలో అన్న ప్రశ్న వచ్చేసరికి ఆగిపోయాము. అతిథి కట్టిన మొత్తంలోనా, బుకింగు వెబ్‌సైటు కమిషను పోగా మిగిలినదానిలోనా, శుభ్రం చేసే ఖర్చు, పన్నులు, తిరిగి ఇచ్చేసిన సొమ్ము తీసేశాక మిగిలినదానిలోనా? ప్రతి నెలా లెక్కలు చూపించుకుంటూ, చూసుకుంటూ స్నేహం చెడగొట్టుకోవడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. స్థిరమైన నెల అద్దె, ఇల్లు సిద్ధం చేసుకునే మొదటి నెలకు అద్దె మినహాయింపు అని ముగించాము.

నష్టం గురించిన షరతు మాత్రం రెండు సాయంత్రాలు తీసుకుంది. "సాధారణ వాడుక వల్ల కలిగే అరుగుదల మినహా" అన్న పాత మాట, ఒకే కుటుంబం ఉండే ఇంటికి సరిపోతుంది. నెలకు ఎనిమిది కుటుంబాలు మారే ఇంట్లో సాధారణం అంటే ఏమిటి? తలుపు గొళ్లాలు, కుళాయిలు, సోఫా అంచులు మామూలు ఇంట్లో కన్నా రెండింతలు త్వరగా అరుగుతాయి, ఇది నేను కళ్లారా చూసినది. అందుకని ఆ రకం అరుగుదల నా ఖాతాలోనే వేసుకున్నాను, ఏడాదికొకసారి గోడలకు రంగు, తాళాల మార్పు నా ఖర్చే అని రాశాను. ఆవిడ అక్కడే ఉంచుతానన్న వస్తువులకు ఒక జాబితా తయారుచేసి, ఒక్కొక్కదానికి తేదీతో ఫోటో తీసి, ప్రతి ఫోటో వెనుక ఇద్దరం సంతకాలు చేశాము. వాళ్ల నాన్నగారి టేకు భోజనాల బల్ల మీద, ఎడమవైపు, వేడి గిన్నె పెట్టిన గుండ్రటి తెల్లని మచ్చ ఒకటి ఉండేది. నేను దాన్ని ఫోటోలో స్పష్టంగా పడేలా దీపం వంచి తీస్తుంటే, "అది నేను పెళ్లికాకముందు చేసిన మచ్చ, దాన్నీ తియ్యి" అన్నారు ఆవిడ. జాబితాలో 14వ వస్తువు ఎదుట "ఎడమవైపు తెల్ల మచ్చ, ముందు నుంచీ ఉన్నది" అని నా చేతిరాతతోనే ఉంది.

ఇక ఒప్పందం ముగిసే విధానం. నా దృష్టిలో ఈ రకం లీజుకు ప్రాణం ఇక్కడే ఉంది, సాధారణ నమూనాలన్నీ తప్పేదీ ఇక్కడే. మామూలు అద్దెలో నోటీసు వ్యవధి అంటే అద్దెదారు మరో ఇల్లు వెతుక్కునే సమయం. రోజుల లెక్కన ఇచ్చే ఇంట్లో ఆ తేదీ తర్వాత కూడా మనుషులు వచ్చేవారు ఉంటారు, డబ్బు కట్టి ఉంటారు, రైలు టికెట్లు తీసుకుని ఉంటారు. ఆరు నెలల ముందు దాకా బుకింగులు తెరిచి, ఒక నెల నోటీసుకు ఒప్పుకున్నవాడు, ఐదు నెలల ప్రయాణికులకు తన చేతిలో లేని ఇంటిని హామీ ఇచ్చినట్టే. మొదటి ఫ్లాటులో నేను చేసింది అదే. అందుకని ఈసారి రెండు లెక్కలనూ కట్టేశాము: ఎవరు వదులుకోవాలన్నా 90 రోజుల నోటీసు, నేను బుకింగులు తెరవగలిగేది 75 రోజుల ముందు దాకా మాత్రమే. నోటీసు అందిన రోజున క్యాలెండరు మూసేస్తే, అప్పటికే ఉన్న చివరి అతిథి వెళ్లిన తర్వాత ఇల్లు శుభ్రం చేసి అప్పగించడానికి ఇంకా పదిహేను రోజులు మిగులుతాయి.

లాయరు గారు ఇక్కడ నన్ను గట్టిగా ఒక ప్రశ్న అడిగారు. నేనే షరతు మీరితే? పార్టీలు జరిగి, అద్దె బాకీ పడితే కూడా ఆవిడ 90 రోజులు ఆగాలా? న్యాయమైన ప్రశ్న. దానికి వేరే మెట్లు పెట్టాము. తప్పు ఏమిటో రాసి నోటీసు ఇవ్వాలి, సరిదిద్దుకోవడానికి 15 రోజులు, అదే తప్పు ఆరు నెలల్లో మళ్లీ జరిగితే 30 రోజులలో ఖాళీ. అలాంటి ముగింపులో కూడా, నోటీసు తేదీకి ముందే బస మొదలుపెట్టిన అతిథిని మధ్యలో వెళ్లగొట్టకూడదని, ఏ పరిస్థితిలోనూ ఇరుపక్షాల్లో ఎవరూ అతిథి లోపల ఉండగా తాళం మార్చకూడదని ఒక వాక్యం అడిగాను. "ఇది అడగాలా? రాత్రివేళ పిల్లలతో ఉన్నవాళ్లను బయటికి పంపుతానా నేను?" అని ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. ఆవిడ పంపరని నాకూ తెలుసు. కానీ ఇల్లు అమ్ముడుపోతే ఆ కాగితం పట్టుకుని వచ్చేది ఆవిడ కాదు, నేను ఎన్నడూ చూడని మరొకరు. ఆ మాట చెప్పిన తర్వాత ఆవిడే, ఇల్లు అమ్మితే కొనేవారు ఈ నోటీసు వ్యవధికి కట్టుబడాలని అమ్మకపు పత్రంలో రాయిస్తానన్న షరతును చేర్పించారు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఆ తర్వాత ఒక ఉదయంలో పూర్తయ్యాయి.

రెండేళ్ల రెండు నెలలకు, కొడుకు కుటుంబంతో తిరిగి వస్తున్నారని ఆవిడ నోటీసు ఇచ్చారు. ఆ సాయంత్రమే క్యాలెండరు మూసేశాను. అప్పటికి తొమ్మిది బుకింగులు ఉన్నాయి. తొమ్మిదీ జరిగాయి, ఒక్కటీ రద్దు కాలేదు. చివరి అతిథులు వెళ్లాక ఫోటోల కట్ట పట్టుకుని ఇద్దరం గది గదీ తిరిగాము. బల్ల మీద మచ్చ ఒకటే ఉంది, రెండోది లేదు. రెండు కుర్చీల అతుకులు వదులయ్యాయి, వాటికి తగ్గించుకుని మిగతా అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చేశారు.

ఆ ఒప్పందంలోనూ ఒక లోపం మిగిలిపోయింది. పెద్ద మరమ్మతులు యజమానివి, చిన్నవి అద్దెదారువి అని రాసుకున్నాము గాని, అర్ధరాత్రి నీళ్ల మోటారు కాలిపోయి ఇంట్లో ఐదుగురు ఉంటే ఎవరు నిర్ణయం తీసుకోవాలో రాయలేదు. ఆ రాత్రి ఆవిడ ఫోను కలవలేదు, ఉదయం ఏడింటి దాకా బకెట్లతో నీళ్లు మోసి పోశాను. ఇప్పుడు మూడో ఇంటి కోసం రాస్తున్న చిత్తుప్రతిలో ఆ షరతు ఇలా ఉంది: "నీరు, విద్యుత్తు, తాళం, గ్యాసు, మురుగు సంబంధమైన అత్యవసర మరమ్మతును, యజమానికి తెలియజేయుటకు ప్రయత్నించిన మీదట రెండు గంటలలో సమాధానం రానిచో, ఒక నెల అద్దెలో నాల్గవ వంతునకు మించని ఖర్చుతో అద్దెదారు స్వయంగా చేయించవచ్చును, సదరు ఖర్చును రసీదులతో మరుసటి నెల అద్దెలో మినహాయించుకొనవచ్చును." రెండు గంటలన్న చోట కొత్త యజమాని గారు నాలుగు అడుగుతున్నారు, రేపు సాయంత్రం దాని మీద మళ్లీ కూర్చుంటున్నాము.